వాసన చూడని వేరు

సరంగు ఎర్రయ్య జింకతోలు ముక్కను పీపా మూత మీద పరిచి, గాలికి లేవకుండా మూలలకు ఇనుప మేకులు పెట్టాడు. తోలు మీద ఎవరో కాల్చిన పుల్లతో గీసిన బొమ్మలున్నాయి. ఒక నది, నది పక్కన ఒక కొండ, కొండ నడుమ నల్లటి బొక్క, కింద మూడు ఆకులు.

"సూడండి," అన్నాడు సరంగు గొంతు తగ్గించి. "ఈ బొక్క గుహ. గుహలో పాతకాలపు ఓడోళ్ళు దాసిన సొత్తున్నాదంట. రేవులో ఒక ముసలి నావికుడికి నా వెండి ముక్కుపొడి డబ్బా ఇచ్చి దీన్ని పుచ్చుకున్నాను."

ఆవిరి ఓడలు అప్పుడప్పుడే సముద్రం మీదికి వస్తున్న రోజులవి. భీమునిపట్నం ఖలాసీలు పనిచేస్తున్న తెరచాప ఓడ ఒకటి అమెరికా తూర్పు తీరాన ఒక నది సముద్రంలో కలిసే మొగలో లంగరు వేసుకుని ఉంది. తుపానులో అడుగు పలకలు పగిలాయి. మరమ్మతు పూర్తయి పున్నమి పోటు రాగానే ఓడ కదులుతుందని కప్తాను చెప్పాడు. అంతవరకు ఖలాసీలకు పెద్దగా పనిలేదు. మైలపల్లి ఎర్రయ్య వాళ్ళకు పెద్ద. రేవు రేవునా ఇంగ్లీషు ముక్కలు ఏరుకున్నవాడు, ముక్కుపొడి లేనిదే మాట రానివాడు.

"మూడాకులంటే మూడు సెట్లు," అన్నాడు సన్యాసి, తోలు మీదికి వంగి. "ఒకటి నేరేడాకు లాగున్నాది. రెండోది సేతికి బొటనేలు మాత్రం విప్పినట్టున్నాది. మూడోది కాకి పాదం. ఈ మూడూ ఒక్కకాడున్న సోటే గుహ! ఎల్దాం సరంగు బాబూ!"

సన్యాసి బలమైన కుర్రవాడు. తెరచాప కొయ్య చివరిదాకా ఎక్కి అక్కడ నిలబడి పాడగలడు. ఏ పని చేసినా ముందు దూకి, తరువాత ఆలోచిస్తాడు.

వంటపొయ్యి దగ్గర కూర్చున్న భండారి వరహాలయ్య ఆ మాటలు విని గరిటె కింద పెట్టాడు. సన్యాసి అతని బావమరిది. ఓడ ఎక్కేరోజు భార్య పైడితల్లి ఇసుకలో నిలబడి అన్న మాట అతని చెవిలో ఇంకా ఉంది. "ఉన్నది ఒక్కడే తమ్ముడు. నువ్వు తీసుకెల్తన్నావు, నువ్వే తీసుకురా. ఒక్కడివే దిగినావంటే మాత్రం నా గుమ్మం ఎక్కకు."

"ఎక్కడికి రా పయనం?" అన్నాడు వరహాలయ్య.

"నిధికి బావా! నువ్వూ రా. అక్కడ కూడా నీ సప్పిడి పప్పు తినేవాడు ఒకడుండాల కదా."

ఖలాసీలు ఘొల్లున నవ్వారు. వరహాలయ్య వంటను గురించి ఓడంతా నవ్వేది. అతడు సింహాద్రి అప్పన్న భక్తుడు. వంటపెట్టె లోపలి మూతకు స్వామి పటం అంటించుకున్నాడు. వండినది మొదట ఆయనకు చూపించాకే ఎవరికైనా. ఆ చూపించేదాకా అతడు రుచి చూడడు, వాసన కూడా చూడడు. పోపు వేసేటప్పుడు తువ్వాలు ముక్కుకు బిగించి కడతాడు. అందువల్ల పప్పులో ఉప్పు ఒకనాడు లేకపోవడం, ఒకనాడు రెండుసార్లు పడడం మామూలు. ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే, "స్వామి ఏమీ అన్లేదు," అని కలుపుకోవడానికి ఉప్పు చేతికిచ్చేవాడు.

సన్యాసిని ఆపడం అతనివల్ల కాలేదు. కాబట్టి తనూ వెళ్ళాడు.

చిన్న పడవలో నది పైకి సాగి, అది రాళ్ళమీద పరుగెత్తే చోట పడవను కట్టేసి, ముగ్గురూ అడవిలో అడుగుపెట్టారు. ఆకురాలే కాలం. చెట్లన్నీ పండిపోయి, కొండంతా నిప్పంటుకున్నట్టు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో మండుతోంది. కాళ్ళకింద ఎండుటాకులు మడమల దాకా వచ్చాయి. సన్యాసి కత్తితో తుప్పలు నరుకుతూ ముందు, తోలుముక్క పట్టుకుని సరంగు మధ్య, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వరహాలయ్య వెనక.

నేరేడాకు లాంటి ఆకు దొరికితే కాకి పాదం కనిపించదు. కాకి పాదం దొరికితే తీరా అది మరేదో చెట్టు. తిరిగి తిరిగి సరంగు నోటికి వచ్చిన బూతులన్నీ ఆ నావికుడి మీద ఖర్చు పెట్టాడు. చివరికి ఒక సన్నని పొగ కనిపించింది. పొగ కింద మొద్దులతో కట్టిన గుడిసె, ముందు కోళ్ళగూడు, గూటి పక్కన నడుం వంగిన ఒక నల్లటి ముసలామె. పేరు హన్నా. అడవిలో వేళ్ళు తవ్వుకుని ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్ముకునే మనిషి.

సరంగు తోలుముక్క చూపించి, మూడు చెట్లూ ఎక్కడున్నాయని అడిగాడు. హన్నా బొమ్మ చూసి పళ్ళులేని నోటితో పెద్దగా నవ్వింది. తల ఎత్తి, గుడిసె పక్కనున్న చెట్టును గడ్డంతో చూపించింది.

వరహాలయ్య అప్పటికే ఆ చెట్టు కింద మూట దించుకుని ఉన్నాడు. పైకి చూశాడు. ఒకే కొమ్మ. ఆ కొమ్మకు ఒక ఆకు నిండుగా కోలగా ఉంది. దాని పక్కది ఒకవైపు మాత్రమే చీలి బొటనవేలు చాచింది. ఆ పక్కది మూడు వేళ్ళుగా విచ్చింది. మూడు రకాల ఆకులూ ఒకే చెట్టువి!

"సన్నేసీ!" అని కేకపెట్టాడు. "మూడు సెట్లు కాదురా! ఒక్కటే సెట్టు!"

సన్యాసి పరుగెత్తుకొచ్చి కొమ్మ వంచాడు. వరహాలయ్యకు మారేడుదళం గుర్తొచ్చింది. ఒక కాడకు మూడు ఆకులు పెట్టిన చేయి, ఇక్కడ ఒక చెట్టుకు మూడు రూపాలు పెట్టిందన్నమాట. సముద్రం దాటినా చేయి మారలేదు. అతడు చెట్టుకు దండం పెట్టాడు.

చెట్టు పేరు సాసఫ్రాస్ అని హన్నా చెప్పింది. ఆమె చెప్పుకుపోతూ ఉంటే సరంగు తెలుగు చేసి వినిపించాడు.

"దీని వేరులో ఉన్నాదంట అసలు వాసన. వేరు మీద బెరడు నీళ్ళల్లో మరిగించి ఎర్రగా దిగాక తాగుతారంట. సలికాలం పోగానే ఒళ్ళు తేలికవడానికి తాగడం ఈ ఊళ్ళోళ్ళ అలవాటంట. నూనె తీసి సబ్బులో కలుపుతారంట. కర్ర తేలిక, కానీ తడికి కుళ్ళదు, పురుగు ముట్టదు. అందుకే కంచె గుంజలకీ మంచాలకీ వాడతారంట. అల్లదిగో, ఆ కోళ్ళగూట్లో అడ్డకర్ర సూడు, అదే. కోడిపేలు పట్టవంటాది ముసిల్ది."

"వంటకేటి?" అన్నాడు వరహాలయ్య.

హన్నా లోపలికి వెళ్ళి ఒక సీసాలో ఆకుపచ్చని పొడి తెచ్చింది. లేత ఆకులు ఎండబెట్టి దంచిన పొడి. పులుసు దించేముందు చిటికెడు వేస్తే చిక్కబడుతుంది. వరహాలయ్య ఒక ఆకు కోసి వేళ్ళ మధ్య నలిపాడు. జిగురు సాగింది. "బెండకాయలాగే!" అనుకుని, ముక్కు దగ్గరికి రాబోయిన చేతిని గబుక్కున దూరం పెట్టుకున్నాడు.

అతని మనసులో అప్పుడే ఒక సంకల్పం పడింది. స్వామి ఏడాదంతా చందనం పూత కింద ఉంటాడు. ఇంత దూరపు అడవిలో తన చెట్టుకు తానే పెట్టుకున్న ఈ పరిమళం ఆయన సన్నిధికి ఎప్పుడైనా చేరిందో లేదో. ఒక వేరు తీసుకెళ్ళి ఇంట్లో అప్పన్న ముందు పెడతాను. మొదటి వాసన ఆయనదే. ఆయన చూసేదాకా ఈ చెట్టు వాసన నేను చూడను.

హన్నాకు ఇంత పసుపూ ఇంత చింతపండూ ఇచ్చి వేరు అడిగాడు. వాగులో మునిగివచ్చి, తడిబట్టతోనే వేరు అందుకుని, ఉతికిన గుడ్డలో చుట్టి, మైనం రాసిన తెరచాప గుడ్డ ముక్క దానిపై చుట్టి, నడుముకు కట్టుకున్నాడు. ఇదంతా ముక్కుకు తువ్వాలు బిగించుకునే చేశాడు.

హన్నా ఏదో అంది. సరంగు పడీపడీ నవ్వాడు. "వేరు కొనేటప్పుడు అందరూ వాసన సూసి కొంటారంట. ముక్కు కట్టుకుని కొన్నవోణ్ణి నిన్నే సూసిందంట."

గుడిసెలో ఆమె వేరు మరిగించి తలో గిన్నె ఇచ్చింది. వరహాలయ్య బయట గాలికి ఎదురుగా దూరంగా కూర్చున్నాడు. సన్యాసి గిన్నె పట్టుకుని వచ్చి చుట్టూ తిరిగాడు. "అబ్బబ్బ, ఏటి వాసన బావా! ఒక్కపాలి పీల్చు. మీ అప్పన్న సింహాసలంలో ఉన్నాడు, అంత దూరం నుంచి నీ ముక్కు మీద నిఘా ఎట్టినాడేటి?"

"ఆయన ఎట్టకపోతే నా ముక్కుకి నేనే నిఘా. పో."

గుహ సంగతి కూడా హన్నా దాచలేదు. పాతకాలంలో దొరల ఓడ మనుషులు గుహలో ఏదో దాచి, కొండవాళ్ళు తరిమితే పారిపోయారు. లోపల దారులు చీలిపోతూ ఉంటాయి. మళ్ళీ వచ్చినప్పుడు తమకు దొరకాలని అసలు దారి పొడవునా సాసఫ్రాస్ గుంజలు పాతారు. ఇతరులు మోసపోవాలని తప్పుదారుల్లో వేరే కర్ర గుంజలు పాతారు. చూడటానికి అన్నీ ఒకటే. చెక్కి వాసన చూస్తే గాని తెలియదు.

"బంగారమే అంటారు అందరూ," అన్నదట ఆమె. "నేను పోలేదు. నాకు కావలసింది బయటే మొలుస్తోంది. వాన వచ్చేలా ఉంది, వాగు గుహలోకి పోతుంది, ఇవాళ మీరూ పోకండి."

ఆ చివరి మాట సరంగు తెలుగు చేయలేదు.

గుడిసె వెనక నుంచి సాసఫ్రాస్ గుంపు కొండదాకా పాకింది. ఒక చెట్టు వేరు నుంచే మరో పిలక లేచి, ఆ పిలక చెట్టయి, దాని వేరు మళ్ళీ పిలకై, అడవంతా ఒకే కుటుంబంలా అల్లుకుంది. ఆ గుంపు ఆగిన చోట సున్నపురాతి గోడ. గోడలో నల్లగా నోరు తెరిచిన గుహ.

"కాగడాలు ముట్టించండి!" అన్నాడు సరంగు.

లోపల చల్లదనం ఎముకలు తాకింది. పైనుంచి రాతి ఊడలు వేలాడుతున్నాయి. గబ్బిలాల గుంపు ఒకటి చెవులమీదుగా రివ్వున పోయింది. కొంత దూరం పోగానే దారి రెండుగా చీలింది. రెండు వైపులా బూడిదరంగు గుంజలు. సన్యాసి ఒకదాన్ని చెక్కి వాసన చూశాడు, ఉమ్మాడు. రెండోదాన్ని చెక్కాడు.

"ఇదే! ఇన్నేళ్ళయినా గుమగుమలాడతన్నాది!"

ప్రతి చీలిక దగ్గరా అదే. అతడు రెండు వైపుల గుంజలూ చెక్కి, మూచూసి, కేక వేస్తాడు. సరంగు రాతిగోడ మీద కాగడా మసితో గుర్తు పెడతాడు. వరహాలయ్య తువ్వాలు బిగించుకుని, ఒక కన్ను బావమరిది వీపు మీద, ఒక కన్ను కింద పారుతున్న సన్నని నీటిధార మీద ఉంచి నడిచాడు. మొదట ఆ ధార లేదు. ఇప్పుడు పాదాలు తడుస్తున్నాయి.

"సరంగు బాబూ, నీరొస్తన్నాది. ఎనక్కి పోదాం."

"దగ్గరికొచ్చి ఎనక్కేటి? నడు!"

దారి ఒక్కసారిగా విశాలమైంది. గది లాంటి గుహ. కాగడా వెలుగులో అవి కనిపించాయి. పీపాలు! గోడ పొడవునా ఒకదానిమీద ఒకటి పేర్చిన పీపాలు, కప్పుకు తగిలేంత ఎత్తున.

"దొరికింది! ఓరబ్బ, దొరికింది!" సన్యాసి గెంతులు వేశాడు. సరంగు గొడ్డలితో మొదటి పీపా పగలగొట్టాడు. లోపలి నుంచి ఎర్రని పొడి, చెక్కముక్కలు జలజల రాలాయి. రెండో పీపా. అదీ అంతే.

సన్యాసి గుప్పెడు తీసి చూశాడు. "ఇది ఆ ముసిల్దాని బెరడే." ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని ముఖం మారింది. "వాసనే నేదు. మట్టి."

వరహాలయ్యకు విషయం అర్థమైంది. ఒకప్పుడు ఈ బెరడుకోసమే ఓడలు వచ్చి ఉంటాయి. దూరదేశాల్లో అది బంగారం పలికి ఉంటుంది. దాచారు. దాచినది దాచినట్టే ఉంది. పరిమళం మాత్రం ఎవరికోసమూ ఆగకుండా ఎప్పుడో వెళ్ళిపోయింది. అతని చెయ్యి తెలియకుండానే నడుముకున్న మూట మీదికి పోయింది. భీమిలి చేరడానికి ఇంకా ఎన్ని నెలలో.

"కాదు!" అని అరిచాడు సరంగు. "పైన బెరడు పోసి అడుగున బంగారం ఎడతారు! అడుగు పీపా లాగండి!"

"సరంగు బాబూ, వొద్దు! కప్పుని మోస్తన్నవి ఆ పీపాలే!"

అతడు ఆ మాట ముగించేలోగా సరంగు గొడ్డలి మడమ తగిలించి అడుగు పీపాను లాగేశాడు. వరస కదిలింది. పైనుంచి పెళపెళమని చప్పుడు. సన్యాసి దూకి సరంగును పక్కకు తోశాడు. మరుక్షణం పీపాలు, రాళ్ళు, దుమ్ము కలిసి కుప్పకూలాయి. కాగడాలు ఆరిపోయాయి.

చీకటి. ఎక్కడో నీళ్ళ హోరు.

"సన్నేసీ! ఒరే సన్నేసీ!"

మూలుగు వినిపించింది. వరహాలయ్య పాకుతూ వెళ్ళి తడిమాడు. బావమరిది కాలు రాతికింద ఉంది. ముఖం వెచ్చగా, జిగటగా తగిలింది. పీపా పలక తగిలి ముక్కు నుజ్జయింది. అతడూ సరంగూ కలిసి రాయి పక్కకు దొర్లించారు. వరహాలయ్య అతణ్ణి వీపున వేసుకుని ముక్కుకున్న తువ్వాలు విప్పి దానితో తనకు కట్టేసుకున్నాడు. సరంగు చెకుముకి తడిసిపోయింది. నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి.

గోడ తడుముకుంటూ మొదటి చీలిక చేరారు. సరంగు మసి గుర్తు పెట్టిన చోట చెయ్యి పెట్టాడు. గోడంతా నీరు కారుతోంది. గుర్తు ఉన్నా కనిపించే వెలుగు లేదు.

"గుంజలున్నాయి కదా. వాసన సూడు బాబూ," అన్నాడు వరహాలయ్య.

సరంగు గుంజకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. "నాకేటి తెలుస్తాది వరహాలూ? ఈ ముక్కు ఎప్పుడో సచ్చింది. ఇన్నేళ్ళ ముక్కుపొడి. నాకు కస్తూరీ ఒకటే, కరవాడు ఎండుసేపా ఒకటే."

సన్యాసి ముక్కులో నెత్తురు గడ్డకట్టింది. మిగిలింది వరహాలయ్య ఒక్కడే. చూపు ఆనని ఈ చీకట్లో అతనికి పనికొచ్చే ముక్కు ఉంది. కానీ అది వెతకవలసిన వాసన ఏదో దానికి తెలియదు.

అతడు చేతులు జోడించాడు. "అప్పన్నా, నువ్వే సూపించు." మనసుకు తోచిన వైపు తిరిగాడు. దారి ఏటవాలుగా పైకి పోయింది. నీళ్ళు తగ్గాయి. స్వామి దయ అనుకున్నాడు. అంతలో ముందున్న సరంగు "ఓలమ్మో!" అని కేకపెట్టాడు. వరహాలయ్య చెయ్యి చాచి అతని చొక్కా దొరకపుచ్చుకున్నాడు. సరంగు కాలికింది రాయి జారి పడిపోయింది. పడిన చప్పుడు కోసం ఇద్దరూ విన్నారు. చాలాసేపటికి ఎక్కడో లోతున నీళ్ళల్లో చిన్న శబ్దం.

వెనక్కి పాకి చీలిక దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నడుముదాకా ఉన్నాయి.

వీపు మీద సన్యాసి కదిలాడు. "బావా, నన్నొగ్గేయ్. ఇద్దరూ ఈదుకుని పొండి. అక్కకి సెప్పు..."

"మీ అక్కకి నువ్వే సెప్పాల. నాకా ఇంటి గుమ్మమే నేదు నువ్వు నేకపోతే."

వరహాలయ్య రాతికి ఆనుకుని నిలబడ్డాడు. నడుము మూట నీళ్ళకు తగులుతోంది. స్వామికి మాట ఇచ్చాడు. పైడితల్లికీ మాట ఇచ్చాడు. రెండు మాటలూ ఇలా ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఇచ్చినప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఏది ముందు ఇచ్చేవాడు? ఆ పీపాల పొడి గుర్తొచ్చింది. ఎవరికోసమో ఎవరూ ముట్టకుండా దాచిన పరిమళం చివరికి ఎవరికి దక్కింది? ఇందాక దారి చూపించమని అడిగాను. చూపించలేదు. లేక చూపించడానికి కావలసింది నా నడుముకే కట్టి పంపాడా?

అతడు మూట నీళ్ళపైకి ఎత్తి విప్పాడు. వేరును రెండు చేతులా పట్టుకుని, ముక్కుకు ఏ అడ్డూ లేకుండా, ఊపిరి నిండా పీల్చాడు.

మొదట సుగంధిపాల అనిపించింది. ఆ వెనకే సోంపు, కొద్దిగా దాల్చినచెక్క, నిమ్మతొక్క. అన్నిటికీ అడుగున హారతి ఇచ్చాక గాలిలో మిగిలే కర్పూరం. అయినా ఆ ఐదూ కాదు. ఎన్నడూ ఎరగనిది. చలికి కొయ్యబారిన అతని గుండె ఒక్క క్షణం అంతా మరిచిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కత్తి ఇయ్యి బాబూ!"

ఎడమ గుంజ చెక్కాడు. ఒట్టి నాచు వాసన. కుడివైపు గుంజ చెక్కి, వేలితో రుద్ది, మూచూశాడు. సన్నగా, చాలా సన్నగా, ఆ పరిమళమే!

"ఇటు! ఇటు రండి!"

నీటిని తోసుకుంటూ నడిచారు. అనుమానం వచ్చిన చోటల్లా వేరును ఒకసారి, గుంజను ఒకసారి వాసన చూసుకున్నాడు. ఒకచోట గుంజలు నీళ్ళకింద మునిగి ఉంటే ఊపిరి బిగబట్టి మునిగి, చెక్క ముక్క కొరుక్కుని పైకి తేలాడు. నోట్లోనే తెలిసింది. మరొక చీలిక. మరొకటి. సరంగు అతని మొలతాడు పట్టుకుని వెనకాలే వచ్చాడు, ఒక్క బూతూ లేకుండా. చివరికి చీకటి బూడిదరంగు అయింది. ఆ బూడిదలో వానచినుకులు మెరిశాయి.

బయటపడి ముగ్గురూ ఆ మూడాకుల చెట్ల కింద వెల్లకిలా పడిపోయారు. వాన వాళ్ళ మీద కురుస్తూనే ఉంది.

హన్నా సన్యాసి కాలికి దబ్బలు వేసి కట్టింది. లోపల ఏముందని అడిగితే, "పొడి," అని సరంగు చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. సరంగు జింకతోలు ఆమెకే ఇచ్చేశాడు. వాళ్ళు బయల్దేరేసరికి ఆమె దాన్ని కోళ్ళగూటి కన్నానికి అడ్డంగా కొట్టేసింది.

పున్నమి పోటుకు ఓడ కదిలింది. సన్యాసి కాలు అతుక్కుంది. ముక్కు ఒక పక్కకు వంకరగా మానింది. వరహాలయ్య వేరును మళ్ళీ గుడ్డలో చుట్టాడు గాని, పటం ముందు పెట్టలేదు. రోజూ పప్పు చూపించేటప్పుడు ఆయన ముఖంలోకి చూసి, ఏదో అడగబోయి, అడగకుండా మూత వేసేవాడు.

భీమిలి రేవులో దిగిన రోజున పైడితల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. ముందు తమ్ముణ్ణి చూసింది. తరువాత తమ్ముడి ముక్కు చూసింది. తరువాత మొగుణ్ణి చూసి గుమ్మానికి పక్కకు తప్పుకుంది.

స్నానం చేసి వచ్చి వరహాలయ్య దీపం దగ్గర మూట విప్పాడు.

"అప్పన్న ముందెడదామని తెచ్చినాను. దూరదేశం సెట్టు వేరు. మంచి వాసన."

పైడితల్లి వంగి చూసింది. ఆచారంలో ఆమె అతనికంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. "మంచి వాసనని నీకెలా తెలుసు? సూసినావేటి?"

"సూసినాను."

"దేవుడికి మొక్కింది, ముందే వాసన సూసి తెచ్చినావా? ఎంగిలిది ఎడతావేటి?"

వరహాలయ్య గుహ సంగతి చెప్పాడు. ఎక్కువ మాటలు వాడలేదు. చీలికలు, గుంజలు, నీళ్ళు, వీపు మీద బరువు. చెప్పి, తల వంచుకుని కూర్చున్నాడు. "పెట్టొచ్చో కూడదో నువ్వే సెప్పు. నాకు తెల్దు."

పైడితల్లి తమ్ముడి వంకర ముక్కు వైపు చూసింది. తరువాత ఆ వేరును చేతిలోకి తీసుకుంది. ముక్కుకు ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి నిండా పీల్చింది. ఇంకా ఉంది పరిమళం.

"సన్నేసీ, ఇలా రా. నువ్వూ సూడు."

సన్యాసి వచ్చి వేరుకు ముఖం దగ్గరపెట్టాడు. ఎంతసేపు పీల్చినా అతని ముఖంలో మార్పు లేదు. "నాకు తెల్దక్కా. ఆ రోజు నుంచీ ఏ వాసనా తెల్దు." వంకర ముక్కు తడుముకుని నవ్వాడు. "ఇకమీదట బావ వంట కాడ నాకేటి నట్టం నేదు."

పైడితల్లి తమ్ముడి తల నిమిరింది. వేరును కొంగుతో తుడవలేదు, నీళ్ళతో కడగలేదు. అలాగే తీసుకెళ్ళి అప్పన్న పటం ముందు పెట్టింది.

"ఇప్పుడు నువ్వు సూడు తండ్రీ," అని, దీపం వత్తి కొంచెం పైకి జరిపింది.